కుడి కన్ను, ఎడమ చెయ్యి

మా బావ దర్జీ. నరసరావుపేటలో ఒకే గదిలో, ఒకే మిషను మీద నలభై ఏళ్లకు పైగా కుట్టాడు. సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఎడమ కన్ను మూసి, కుడి కంటితో బెజ్జం చూడటం ఆయన అలవాటు. ఆ అలవాటే లేకపోతే తన కంట్లో ఏం జరుగుతోందో ఆయనకే తెలిసేది కాదు.

2021 ఫిబ్రవరిలో ఒక రోజు పొద్దున్నే కొట్టు తెరిచి, సూది వెలుతురుకు ఎత్తి పట్టుకుని ఎడమ కన్ను మూశాడట. సూది లేదు, దారం లేదు, ఎదురుగా ఉన్న గోడ కూడా లేదు. నాకు ఫోన్ చేశాడు.

"ఏమోయ్ బావమరిదీ, కుడి కన్ను తెరిచే ఉందోయ్, కానీ మూతబడింది. పైనుంచి షట్టరు దించినట్టు నల్లగా దిగింది. టీ కుర్రాడు గ్లాసు పెట్టి వెళ్లేసరికి మళ్లీ లేచింది."

"నొప్పి ఏమన్నా ఉందా బావా?"

"చీమ కుట్టినంత కూడా లేదు."

"అయితే కంగారేం లేదులే. శుక్లం ముదురుతున్నట్టుంది. ఆదివారం వచ్చి చూస్తాను."

ఈ సలహా ఇచ్చింది దారిన పోయే దానయ్య కాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఆప్తాల్మిక్ ఆఫీసరుగా ముప్పై నాలుగేళ్లు పనిచేసి, పల్నాడు ఊళ్లలో వేలమంది కళ్లలోకి టార్చి వేసి చూసి, 2019లో రిటైరైన మనిషిని నేను. శుక్లం ఒక్క రోజులో దిగదనీ, దిగింది టీ తాగేలోపు లేవదనీ నాకు తెలియదా? తెలుసు. కాకపోతే చేతిలో సుత్తి ఉన్నవాడికి ప్రతిదీ మేకులాగే కనపడుతుంది. నా చేతిలో ముప్పై నాలుగేళ్లూ ఉన్నది శుక్లాల రిజిస్టరు.

ఆదివారం వెళ్లాను. అప్పటికి షట్టరు మరోసారి దిగి లేచిందట. "పైత్యం చేసిందిరా, నిమ్మకాయ నీళ్లు తాగమంటే వినడు" అంది అక్క. చుక్కలు వేసి కంటిపాప విప్పారేదాకా కూర్చోబెట్టి, నా పాత ఆప్తాల్మోస్కోపుతో లోపలికి చూశాను. ఎర్రటి సన్నని ధమని రెండుగా చీలే చోట ఏదో తళుక్కుమంది. కంసాలి కొట్టు నేల మీద ఎండ పడ్డప్పుడు మెరిసే బంగారు రజను ఎట్లా ఉంటుందో అట్లా. అది ఇరుక్కున్న నాళం కన్నా అదే కాస్త వెడల్పుగా కనపడింది. బావకు షుగరు ఉంది. షుగరు వల్ల రెటీనాలో వచ్చే పసుపు మచ్చ అయి ఉంటుందనుకున్నాను. షుగరు మచ్చ రక్తనాళం లోపల కూర్చోదని ఆ పూట నాకు తట్టలేదు. "శుక్లం తొలి దశ, షుగరు రెటీనా అనుమానం" అని చీటీ రాసి పెద్ద ఊళ్లో కంటి డాక్టరు దగ్గరికి పంపాను.

ఆ చీటీలో షట్టరు మాట లేదు. అక్కడివాళ్లు చీటీ చదివి, అందులో ఉన్నవాటికే చూశారు. అద్దాల నంబరు మార్చారు, ఆరు నెలల తర్వాత రమ్మన్నారు. బీపీ పట్టీ చేతికి చుట్టినవాళ్లు లేరు. నేనూ చుట్టలేదు.

షట్టరు మొదటిసారి దిగిన పదకొండో రోజు తెల్లవారి లేచేసరికి బావ ఎడమ చెయ్యి, ఎడమ కాలు కదలడం లేదు. రాత్రి ఏ జామున స్ట్రోకు పడిందో తెలియదు కాబట్టి, గడ్డను కరిగించే ఇంజెక్షనుకు ఉండే నాలుగున్నర గంటల గడువు దాటిందో లేదో కూడా తేల్చలేకపోయారు. మెడకు డాప్లర్ స్కానింగ్ చేస్తే కుడి వైపు పెద్ద రక్తనాళం ఎనభై శాతం పూడిపోయి ఉంది. వార్డులో అక్క నన్ను ఒక్కటే అడిగింది. "కుడి కన్ను కదరా బాగోలేనిది? ఎడమ చెయ్యి ఎందుకు పడిపోయింది?"

ఈ వ్యాసం రాస్తున్నది ఆ ప్రశ్న కోసమే.

మెడలో దవడ కింద రెండు వేళ్లు ఆనిస్తే కొట్టుకునేది కెరోటిడ్ ధమని. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. అది పైకి వెళ్లి రెండుగా చీలుతుంది. అందులో లోపలి పాయ పుర్రెలోకి పోయి మెదడుకు రక్తం ఇస్తుంది. మెదడును చేరే ముందు దాని నుంచి చీలే మొదటి పెద్ద కొమ్మ కంటికి వెళుతుంది. కాలువ మీద మొదటి తూము కన్ను, తర్వాతి తూములన్నీ మెదడు అనుకోండి. పై కాలువ గట్టు మీద పూడిక పేరుకుంటే, అందులోంచి ఊడిన పెళ్ల ఒకటి మొదటి తూములోకి రావచ్చు, రెండోది ముందుకు పోవచ్చు. కుడి కంటికి నీళ్లిచ్చే కాలువే కుడి మెదడుకూ ఇస్తుంది. కుడి మెదడు ఆడించేది ఎడమ చేతిని, ఎడమ కాలిని. బావ కంట్లో నేను చూసిన రజను ఆ పూడికలోంచి ఊడిన కొలెస్ట్రాల్ పలుకు. రెండో పెళ్ల పదకొండు రోజులు ఆగి వచ్చింది.

రెటీనా అంటే మెదడు బయటికి చాచిన ముక్క. గర్భంలో పిండం మెదడు నుంచే అది మొలుచుకొస్తుంది. కత్తి పెట్టకుండా, తొడుగు విప్పకుండా మనిషి ఒంట్లోని రక్తనాళాలను నేరుగా చూడగలిగిన చోటు అది. అమెరికాలో మేయో క్లినిక్ కంటి వైద్యుడు రాబర్ట్ హాలెన్‌హార్స్ట్ 1961లో ఈ మెరిసే పలుకుల గురించి రాసి, అవి మెడ రక్తనాళాల పూడికకు ఆనవాళ్లని చెప్పాడు. ఇవాళ్టికీ వాటిని ఆయన పేరుతోనే పిలుస్తారు. అంతకు రెండేళ్ల ముందు, 1959లో, మిల్లర్ ఫిషర్ అనే నరాల వైద్యుడు ఇంకా విచిత్రమైన సంగతి రాశాడు. ఒక రోగికి కన్ను చీకటై ఉన్న ఆ కొద్ది నిమిషాల్లోనే ఆయన లోపలికి చూడగలిగాడు. తెల్లటి పదార్థం ధమనుల్లో ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకు మెల్లగా జరిగిపోతూ కనపడింది. షట్టరు దిగడం, లేవడం అంటే ఏమిటో కళ్లారా చూసిన మనిషి ఆయన.

అన్నీ కొలెస్ట్రాల్ పలుకులే కావు. గుండె కవాటాలు గట్టిపడి సున్నం పట్టినవాళ్లలో తెల్లటి సున్నపు ముక్క ఊడి రావచ్చు. అది మొండిది, కదలదు, దారిని మొత్తం మూసేస్తుంది. చిన్నప్పుడు కీళ్ల వాతంతో గుండె కవాటం చెడినవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు కాబట్టి ఈ మాట ప్రత్యేకించి చెబుతున్నాను. బూడిద రంగు మెత్తటి రక్తపు గడ్డలు ఇంకో రకం. అవి చెదిరి కొట్టుకుపోతాయి, చూసేసరికి ఉండవు. కంట్లో ఏమీ కనపడలేదు కాబట్టి ఏమీ జరగలేదు అనుకోవడానికి లేదన్నమాట.

కంట్లో ఇట్లాంటి పలుకు ఎంతమందికి ఉంటుంది? అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం బీవర్ డ్యామ్ అనే ఊళ్లో, ఆస్ట్రేలియాలో సిడ్నీకి పడమరనున్న బ్లూ మౌంటెన్స్ ప్రాంతంలో నడివయసు దాటిన వేలమందికి రెటీనా ఫొటోలు తీసి చూశారు. రెండు చోట్లా వందలో ఒకరికి పైన, ఇద్దరికి లోపు ఉన్నట్టు తేలింది. వాళ్లలో ఎక్కువమందికి చూపులో ఏ తేడా తెలియదు. తర్వాత పది పన్నెండేళ్లు ఆ రెండు చోట్ల జనాన్నీ వెంబడించి లెక్క కట్టారు. కంట్లో పలుకు కనపడినవాళ్లలో స్ట్రోకుతో పోయినవాళ్లు 12 శాతం, కనపడనివాళ్లలో 4 శాతం. పలుకులున్నవాళ్లు వయసులోనూ పెద్దవాళ్లే, పొగ తాగేవాళ్లూ బీపీ ఉన్నవాళ్లూ వాళ్లలోనే ఎక్కువ. ఆ తేడాలన్నీ తీసేసి చూసినా స్ట్రోకుతో పోయే ముప్పు దాదాపు రెట్టింపు నిలిచింది. సింగపూరులో చైనీయులు, మలయ్‌లు, భారతీయులను విడివిడిగా చూసినప్పుడు వందకు ఒకరికి లోపే కనపడింది గానీ, ఆ మూడు జాతుల్లో మనవాళ్లదే పైచేయి. గర్వపడే పైచేయి కాదు.

పొగ, బీపీ. మా బావకు రెండూ ఉన్నాయి. రోజుకు కట్ట బీడీలు. కొట్టు బయట బడ్డీ దగ్గర నిలబడి కాల్చి, జాకెట్ గుడ్డకు వాసన పట్టకుండా చేతులు కడుక్కుని లోపలికి వచ్చేవాడు. ఆడవాళ్ల గుడ్డల మీద ఉన్న శ్రద్ధ తన రక్తనాళాల మీద లేదు. బీపీ బిళ్ల వేసుకుంటే నీరసంగా ఉందని మానేశాడు. మానేసిన సంగతి మాకు ఆస్పత్రిలో తెలిసింది.

ఇక్కడ ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. లేకపోతే రేపు పొద్దున స్కానింగ్ సెంటర్ల ముందు బారులు తీరతారు. షట్టరు దిగడం వేరు. అద్దాల కోసం వెళ్లినప్పుడో షుగరు పరీక్షలోనో ఏ బాధా లేకుండా పలుకు ఒకటి కనపడటం వేరు. రెండోదాంట్లో మెడ నాళం బాగా పూడి ఉండేది తక్కువమందికే. చాలామందికి ఆపరేషను అక్కర్లేదు. వాళ్లకు కావాల్సింది బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ అదుపు, పొగ మానడం, గుండె పరీక్ష, డాక్టరు రాస్తే ఆస్పిరిన్, స్టాటిన్ బిళ్లలు. నిదానంగా, వారం పది రోజుల్లో చేసుకోవాల్సిన పని. ఆస్పిరిన్ సొంతంగా మొదలుపెట్టకండి, అది కడుపులో రక్తం కారించగలదు.

షట్టరు సంగతి అట్లా కాదు. ఒక కన్ను ఉన్నట్టుండి నొప్పి లేకుండా చీకటై, నిమిషాల్లో తిరిగి వస్తే అది కంటి జబ్బు కాదు, వచ్చిపోయిన స్ట్రోకు. పెద్ద స్ట్రోకు ముప్పు మొదటి రెండు రోజుల్లోనే అన్నిటికన్నా ఎక్కువ. ఆ వారమంతా ఎక్కువే. తిరిగి రాకుండా అట్లాగే ఉండిపోతే అది కంటిలో పడిన పూర్తి స్ట్రోకు. అట్లాంటివాళ్ల మెదడుకు ఎమ్మారై తీస్తే సుమారు నలుగురిలో ఒకరికి అప్పటికే మెదడులో కూడా చిన్న చిన్న దెబ్బలు కనపడుతున్నాయి, మనిషికి ఏమీ తెలియకుండానే. పంజాబులో పుట్టి అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయంలో పనిచేసిన సోహన్ సింగ్ హైరే, ముసలి కోతుల కంటి ధమనిని మూసి ఉంచి చూశాడు. 97 నిమిషాల దాకా రెటీనా తట్టుకుంది. 240 నిమిషాలు దాటాక తిరిగి రాని నష్టం జరిగింది. నాలుగు గంటలు. మన ఊరి నుంచి పెద్దాస్పత్రికి బస్సు మారి వెళ్లే కాలం. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2021లో ఇదే చెప్పింది. ఇలాంటి మనిషిని కంటి క్లినిక్ అపాయింట్‌మెంటు దాకా ఆపకుండా, స్ట్రోకు వైద్యం ఉన్న ఆస్పత్రి అత్యవసర విభాగానికి నేరుగా పంపాలని.

వెళితే ఏం చేస్తారు, పోయిన కన్ను వస్తుందా? చాలాసార్లు రాదు. వెళ్లేది మిగిలిన మెదడు కోసం. లక్షణం కనపడి, మెడ నాళం 70 శాతానికి పైగా పూడినవాళ్లకు ఆ పూడికను ఆపరేషనుతో తీసేస్తే ఎంత మేలో 1991లోనే ఉత్తర అమెరికాలో తేలింది. రెండేళ్లలో అదే వైపు స్ట్రోకు పడటం మందులతో ఉన్నవాళ్లలో 26 శాతం, ఆపరేషనైనవాళ్లలో 9 శాతం. కన్ను మాత్రమే చీకటైనవాళ్లకు ముప్పు తక్కువ, నిజమే. కానీ డెబ్భై దాటిన మగవాడు, షుగరు, బీపీ, బీడీ, ఎనభై శాతం పూడిక. ఈ లెక్కలో బావ ఏ గట్టున ఉంటాడో మీరే చెప్పండి. ఆ ఆపరేషను మొదటి రెండు వారాల్లో అయితేనే పూర్తి ఫలితం. మాకు పదకొండు రోజులు చేతిలో ఉన్నాయి. వాటిలో నాలుగు రోజులు "ఆదివారం వస్తా" అన్న నా మాటకే పోయాయి.

నా సొంత తప్పు చెప్పుకున్నాను కాబట్టి నా శాఖ తప్పు కూడా చెప్పే హక్కు నాకుంది. అంధత్వ నివారణ జాతీయ కార్యక్రమం 1976లో మొదలైంది. నావంటివాళ్ల ఉద్యోగాలు దాని చలవే. శుక్లాలతో గుడ్డివాళ్లయ్యేవాళ్లకు చూపు తెప్పించడం దాని పని, ఆ పని గొప్పగా చేసింది. కాదనను. కానీ నా రిజిస్టరులో గడులు ఏమిటో వినండి. పేరు, వయసు, ఊరు, కుడి చూపు, ఎడమ చూపు, శుక్లం ఉందా, ఆపరేషను తేదీ, అద్దాల నంబరు. బీపీ గడి లేదు. పొగ తాగుతాడా గడి లేదు. "ఎప్పుడైనా ఒక కన్ను కాసేపు పోయి వచ్చిందా" అనే గడి లేదు. వరండాలో నేను కంటి చార్టు పట్టుకుని కూర్చుంటే, పక్క గదిలో నర్సమ్మ అదే మనిషికి బీపీ చూసి ఇంకో పుస్తకంలో రాసుకునేది. ఆ రెండు పుస్తకాలూ ముప్పై నాలుగేళ్లలో ఒక్కసారి కూడా ఒకే బల్ల మీదికి రాలేదు.

తెలంగాణలో 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో కంటి వెలుగు మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 10న అనంతపురంలో అదే పేరుతో ఇంకోటి మొదలైంది. లక్షలమంది ముసలివాళ్లు మొదటిసారి కంటి పరీక్షకు కూర్చున్నారు. వాళ్లలో చాలామంది మళ్లీ జన్మలో కూర్చోరు. అద్దాలు ఇచ్చారు, మంచిదే. కానీ అంతమందిని కుర్చీలో కూర్చోబెట్టినప్పుడు కంటి ముందు భాగం చూసి లేపేయడం, ఇంటికి వచ్చిన చుట్టాన్ని గుమ్మంలోనే పలకరించి పంపేయడం లాంటిది. అరవై దాటినవాళ్లకైనా రెటీనా ఫొటో ఒకటి తీసి ఉంటే? ఇప్పుడు చేతిలో పట్టే కెమెరాలు వచ్చాయి. ఫొటో తీయడానికి డాక్టరు అక్కర్లేదు, నావంటివాడు చాలు. ఈసారి ఏ ప్రభుత్వం ఏ పేరుతో కంటి శిబిరం పెట్టినా, అద్దాల పెట్టె పక్కన బీపీ మిషను ఒకటి, రెటీనా కెమెరా ఒకటి ఉండాలి. రంగులు, బొమ్మలు, స్టిక్కర్లు ఎవరివైనా నాకు అభ్యంతరం లేదు.

అన్నిటికన్నా చవకైన సాధనం చీటీ. కంటి డాక్టరు, కళ్లజోడు దుకాణంలో ఆప్టోమెట్రిస్టు, బీపీ బిళ్లలు రాసే డాక్టరు ముగ్గురూ ఒకే బజారులో ఉంటారు. ఒకరికొకరు నమస్కారం పెట్టుకుంటారు. ఒకరి రోగి గురించి ఇంకొకరికి నాలుగు ముక్కలు రాయరు. నేను ఇప్పుడు చుట్టుపక్కలవాళ్లకు ఉచితంగా కళ్లు చూస్తాను. అనుమానం వస్తే చీటీ ఇట్లా రాస్తున్నాను: "ఈయనకు ఫలానా తేదీన కుడి కన్ను అయిదు నిమిషాలు పూర్తిగా కనపడలేదు, తర్వాత దానంతటదే వచ్చింది. రక్తనాళంలో మెరిసే పలుకు కనపడింది. బీపీ ఇంత ఉంది. పొగ తాగుతారు. దయచేసి ఈ రోజే మెడ రక్తనాళాలు, గుండె, మెదడు చూడగలరు." నాలుగైదు వాక్యాలు. బావకు ఇవే రాసి ఉండాల్సింది.

బావ ఇప్పుడు కర్ర ఊతంతో నడుస్తాడు. బీడీ మానేశాడు, లేదా మానేశానని చెబుతున్నాడు. ఎడమ చెయ్యి గుడ్డను పట్టి నడపలేదు కాబట్టి మిషను ముందు అక్క కూర్చుని గుడ్డ జరుపుతుంది, ఆయన పక్కన కూర్చుని "కొంచెం వదులు, కొంచెం లాగు" అంటాడు. కుడి కన్ను చూపు 6/9. సూదిలో దారం ఎక్కించగలిగేంత చూపు. పట్టుకోవడానికి రెండో చెయ్యి లేదు.

రెండు కళ్లతో చూసేవాళ్లకు ఒకటి పోయినా తెలియదు, రెండోది సర్దేస్తుంది. తెలిసినా "ఏదో మసక" అని ఊరుకుంటారు. అందుకని మీ ఇంట్లో అరవై దాటినవాళ్లను ఇవాళ ఒక్క మాట అడగండి. ఎప్పుడైనా ఒక కన్ను కాసేపు చీకటై మళ్లీ వచ్చిందా అని. రాలేదంటే సంతోషం, కాఫీ తాగండి. ఎప్పుడో పోయినేడాది అంటే, ఈ వారంలో డాక్టరుకు ఆ మాట ఆ మాటగానే చెప్పి బీపీ చూపించండి. మొన్ననో నిన్ననో అంటే మాత్రం ఈ పేపరు అక్కడ పడేసి 108కి ఫోన్ చేయండి. ఆదివారం దాకా ఆగకండి.